కోపానికీ గుండెపోటుకీ మధ్య ఆ రెండు గంటలు

పొలం గట్టు తగాదాలోనో, అపార్ట్‌మెంట్ పార్కింగ్ దగ్గరో మాటామాటా పెరిగి, ఉన్నట్టుండి ఒకరు కుప్పకూలిపోయిన వీడియోలు ఫోన్లలో తరచూ తిరుగుతుంటాయి. చూసినవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడతారు. "కోపమే ప్రాణం తీసింది" అంటారు కొందరు. "లోపల ముందే జబ్బు ఉండి ఉంటుంది, గొడవ పేరుకే" అంటారు ఇంకొందరు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఏది ఎంతవరకు నిజమో తేల్చే లెక్కలు గత ముప్ఫై ఏళ్ళలో చాలానే వచ్చాయి. కానీ అవి జనం దాకా చేరేసరికి "కోపం వస్తే గుండెపోటు ముప్పు ఐదు రెట్లు" అనే ఒక్క ముక్క మిగులుతోంది. ఆ ఐదు రెట్లు ఎవరికి, ఎంతసేపు, దేనితో పోలిస్తే అన్నది తెలియకపోతే ఆ అంకెతో భయపడటం తప్ప వేరే ఉపయోగం లేదు.

గుండెపోటు, గుండె ఆగడం, బీపీ: మూడూ వేర్వేరు

గుండె కండరానికి రక్తం అందించే కొరోనరీ నాళాల్లో ఒకటి గడ్డతో మూసుకుపోతే, ఆ నాళం మీద ఆధారపడిన కండరం చావడం మొదలవుతుంది. ఇదే గుండెపోటు. ఈ సమయంలో మనిషి సాధారణంగా స్పృహలోనే ఉంటాడు. నొప్పి అంటాడు, చెమటలు పడతాయి, ఆసుపత్రికి నడిచి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. గుండె ఆగిపోవడం, అంటే కార్డియాక్ అరెస్ట్, వేరే సంగతి. అక్కడ గుండె విద్యుత్ లయ చెదిరిపోయి పంపింగ్ ఆగిపోతుంది. మనిషి సెకన్లలో స్పృహ తప్పుతాడు, నాడి అందదు. గుండెపోటు గుండె ఆగడానికి దారి తీయవచ్చు, కానీ రెండూ ఒకటి కాదు. వీడియోల్లో క్షణంలో పడిపోయి కదలకుండా ఉండిపోయిన మనిషికి జరిగింది ఎక్కువగా ఈ రెండోది.

మన వాడుకలో ఇంకో తికమక ఉంది. "నాకు బీపీ తెప్పించకు", "ఆయనకు బీపీ ఎక్కువ, జాగ్రత్తగా మాట్లాడు" అంటూ కోపానికి బీపీని మారుపేరుగా వాడేస్తాం. నిజానికి బీపీ జబ్బు ఉన్నవాళ్ళు ఎంతో శాంతంగా ఉండవచ్చు. రోజూ అరిచే మనిషికి విశ్రాంతిలో బీపీ 120/80 ఉండవచ్చు. కోపంలో బీపీ లేచేది కాసేపే. జబ్బు అనే బీపీ కూర్చున్నా లేచినా ఎక్కువగానే ఉంటుంది, ఏ లక్షణమూ చూపించదు. "నాకు కోపం రాదు కాబట్టి బీపీ లేదు" అనుకుని మందు మానేసేవాళ్ళకు ఈ మాటల కలగాపులగం నిజంగానే హాని చేస్తోంది.

కోపంలో కూడా రెండు పొరలున్నాయి. ఒకటి, ఫలానా రోజు ఫలానా గంటకు వచ్చిన కోపం. రెండోది ముక్కు మీదే కోపం ఉండే స్వభావం, దానితో కలిసి తిరిగే అనుమానం, పగ, ఎదుటివాడు ఎప్పుడూ మోసమే చేస్తాడన్న చూపు. మొదటిది నిమిషాల మీద పనిచేస్తుంది, రెండోది సంవత్సరాల మీద. పరిశోధనలు కూడా ఈ రెంటినీ విడివిడిగానే చూశాయి.

కోపం వచ్చిన ఆ కొన్ని నిమిషాల్లో లోపల జరిగేది

మెదడు ప్రమాదాన్ని పసిగట్టగానే అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ రక్తంలోకి దూకుతాయి. గుండె వేగం, బీపీ రెండూ పెరుగుతాయి. గుండె మీద పడే పనిభారాన్ని డాక్టర్లు స్థూలంగా గుండె వేగాన్ని పై బీపీ అంకెతో గుణించి అంచనా వేస్తారు. ఊరికే కూర్చున్నప్పుడు 72 కొట్టుకుంటూ బీపీ 120 ఉంటే 8,640. అదే మనిషి ఊగిపోయే కోపంలో 110 కొట్టుకుంటూ బీపీ 170కి చేరితే 18,700. కుర్చీలోంచి లేవకుండానే భారం రెండింతలు దాటింది.

భారం పెరిగితే కండరానికి రక్తం ఎక్కువ కావాలి. చిక్కు ఇక్కడే ఉంది. గుండె కండరం తనకు కావలసిన రక్తంలో ఎక్కువ భాగాన్ని బిగుసుకున్నప్పుడు కాదు, సడలినప్పుడు తీసుకుంటుంది. నిమిషానికి 72 కొట్టుకునేటప్పుడు ఒక్కో చక్రానికి 0.83 సెకను. బిగుసుకోవడానికి సుమారు 0.3 సెకను పోతే, సడలి రక్తం నింపుకోవడానికి అర సెకను దొరుకుతుంది. 110కి చేరితే చక్రమే 0.55 సెకను. అందులో సడలే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. నాళాలు బాగున్నవాళ్ళకు ఇది సమస్య కాదు, నాళం వెడల్పై లోటు పూడుస్తుంది. నాళం ముందే 70 శాతం సన్నబడి ఉంటే పూడ్చే వీలు లేదు.

నాళం వెడల్పయ్యే ఆ గుణాన్ని కూడా కోపం కాసేపు దెబ్బతీస్తుంది. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు 2024లో 280 మంది ఆరోగ్యవంతుల మీద చేసిన ప్రయోగం దీన్ని చూపించింది. కోపం తెప్పించిన పాత సంఘటనను ఎనిమిది నిమిషాలు తలుచుకోమన్నారు కొందరిని. ఇంకొందరిని ఆందోళన, మరికొందరిని విచారం కలిగించే వాటిలో ఉంచారు, మిగిలినవాళ్ళు ఊరికే అంకెలు లెక్కపెట్టారు. కోపం గుంపులో మాత్రం నాళాలు వ్యాకోచించే సామర్థ్యం పడిపోయి, ఆ ప్రభావం 40 నిమిషాల దాకా కనిపించింది. విచారం, ఆందోళన గుంపుల్లో అంత స్పష్టమైన మార్పు లేదు. అది తలుచుకున్న కోపం, అదీ ఎనిమిది నిమిషాలు.

ఇక అసలు ప్రమాదం నాళం గోడలో పేరుకున్న కొవ్వు ముద్ద దగ్గర. దీన్ని ప్లాక్ అంటారు. లోపల మెత్తటి కొవ్వు, పైన పీచు పొర. ఆ పొర మిల్లీమీటరులో పదిహేనో వంతు కన్నా పలచబడితే ఎప్పుడైనా చిట్లవచ్చని పాథాలజిస్టులు చెబుతారు. ఎగసిన బీపీ తాకిడికి పొర చిట్లితే లోపలి కొవ్వు రక్తానికి తగులుతుంది. గాయమైందనుకుని ప్లేట్‌లెట్లు వచ్చి అతుక్కుంటాయి. అడ్రినలిన్ ప్లేట్‌లెట్లను మరింత జిగటగా చేస్తుంది. దెబ్బ తగిలితే రక్తం త్వరగా గడ్డకట్టాలని శరీరం చేసుకున్న ఏర్పాటు, నాళం లోపల ప్రాణాంతకమవుతుంది. లయ తప్పడం ఇంకో దారి: పాత గుండెపోటు మచ్చ ఉన్న గుండెలో అడ్రినలిన్ పోటెత్తితే గడ్డ లేకుండానే గుండె ఆగిపోవచ్చు.

1793లో ఒక సర్జన్ మరణం

మొదట్లో చెప్పుకున్న రెండు వాదాలూ కలిసే ఉదాహరణ వైద్య చరిత్రలోనే ఉంది. లండన్‌లో జాన్ హంటర్ పేరున్న సర్జన్. 1773 నుంచి ఆయనకు గుండె నొప్పి వచ్చేది, కోపం వస్తే ఇంకా ఎక్కువయ్యేది. తనను రెచ్చగొట్టాలనుకున్న ఏ దుర్మార్గుడి చేతిలోనైనా తన ప్రాణం ఉందని ఆయనే అనేవాడని చెబుతారు. 1793 అక్టోబరు 16న సెయింట్ జార్జ్ ఆసుపత్రి బోర్డు సమావేశంలో వాగ్వాదం జరిగింది. ఆయన మాటకు ఎవరో ఎదురు చెప్పారు. ఆయన కోపం ఆపుకుంటూ పక్క గదిలోకి వెళ్ళి పడిపోయి మరణించాడు. శవపరీక్షలో కొరోనరీ నాళాలు ఎముకలా గట్టిపడి కనిపించాయి.

జబ్బు ఇరవై ఏళ్ళది. ఆ రోజును ఎంచింది గొడవ.

కోపం లెక్క ఎలా తీశారు?

కోపిష్టులనూ శాంతమూర్తులనూ పోల్చితే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. కోపిష్టులు సిగరెట్లు ఎక్కువ తాగవచ్చు, నిద్ర తక్కువ పోవచ్చు, ఏది దేనివల్లో తేలదు. అందుకని పరిశోధకులు మనిషిని అతనితోనే పోల్చారు. గుండెపోటుతో చేరి కోలుకుంటున్నవారిని పక్కన కూర్చుని అడిగారు: నొప్పి మొదలవడానికి ముందు రెండు గంటల్లో కోపం వచ్చిందా? నిన్న ఇదే వేళకు వచ్చిందా? గత ఏడాదిలో ఎన్నిసార్లు వచ్చింది? వయసు, షుగర్, పొగ అలవాటు రెండు వైపులా ఒకే మనిషివి కాబట్టి అవి కొట్టుకుపోతాయి.

కోపాన్ని ఏడు మెట్లుగా కొలిచారు. ఒకటో మెట్టు ప్రశాంతం. ఐదో మెట్టు అంటే ఒళ్ళు బిగుసుకుని, పళ్ళు కొరుకుతూ, పిడికిలి బిగించే కోపం. ఏడోది అదుపు తప్పి వస్తువులు విసిరే స్థితి. లెక్కలోకి తీసుకున్నది ఐదు, ఆ పైన. పిల్లలు హోంవర్క్ చేయలేదని వచ్చే చిరాకు ఈ లెక్కలో లేదు.

1995లో అమెరికాలో 1,623 మంది రోగులతో జరిగిన అధ్యయనంలో ఆ రెండు గంటల్లో ముప్పు 2.3 రెట్లు ఉంది. తొమ్మిది అధ్యయనాలను కలిపి 2014లో వేసిన లెక్కలో 4.74 రెట్లు వచ్చింది. వార్తల్లో తిరిగే "ఐదు రెట్లు" ఇదే. సిడ్నీలో 2015లో 313 మందితో చేసిన దాంట్లో 8.5 రెట్లు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, మొదటిసారి గుండెపోటు వచ్చిన 12,461 మందిని చూస్తే, గంట ముందు కోపం లేదా మనస్తాపం ఉన్నప్పుడు ముప్పు 2.44 రెట్లు. కోపంతో పాటు భారీ శారీరక శ్రమ కూడా తోడైతే 3.05. కోపం చల్లార్చుకోవడానికి జిమ్‌కు వెళ్ళి బరువులెత్తే అలవాటున్నవాళ్ళు గుర్తుంచుకోవలసిన అంకె ఇది.

2.3 నుంచి 8.5 దాకా ఇంత తేడా ఎందుకు? ప్రశ్న మారితే జవాబు మారుతుంది. సిడ్నీలో ఐదో మెట్టు కోపం రెండు గంటల్లోపు వచ్చినవాళ్ళు 313లో ఏడుగురే. అంత చిన్న గుంపు మీద నిలబడ్డ అంకె అటూఇటూ చాలా ఊగుతుంది. ఇంటర్‌హార్ట్‌లో కోపాన్నీ మనస్తాపాన్నీ కలిపి అడిగారు కాబట్టి 14.4 శాతం మంది అవునన్నారు, ప్రభావం పలచబడింది.

ఈ పద్ధతికి లోపాలున్నాయి. గుండెపోటు వచ్చిన మనిషి కారణం వెతుక్కుంటాడు, మామూలు రోజైతే మరిచిపోయే గొడవ కూడా గుర్తుకొస్తుంది. చనిపోయినవాళ్ళను అడగలేం. ఇంకొకటి, నాళం మూసుకుపోవడం మొదలైనప్పుడు వచ్చే నలతే మనిషిని చిరాకు పెట్టి ఉండవచ్చు. అప్పుడు కోపం కారణం కాదు, లక్షణం. అయినా వేర్వేరు దేశాల్లో వేర్వేరు బృందాలకు అంకె ఒకే దిశలో రావడం, ప్రయోగశాలలో నాళాలు అదే కథ చెప్పడం వల్ల ఎక్కువమంది గుండె నిపుణులు ఈ సంబంధం నిజమేనని ఒప్పుకుంటున్నారు.

ఐదు రెట్లు అంటే ఎంత? కాగితం మీద వేసి చూద్దాం

ఏడాదిలో 8,760 గంటలు. రెండేసి గంటల ముక్కలు చేస్తే 4,380. ఏడాదిలో గుండెపోటు వచ్చే అవకాశం నూటికి ఒకటి ఉన్న మధ్యవయసు మనిషిని తీసుకుందాం. ఆ ఒక్క శాతాన్ని ముక్కలకు పంచితే, మామూలు రెండు గంటల్లో అతని ముప్పు 4,38,000లో 1. భారీ కోపం తర్వాతి రెండు గంటల్లో అది 4.74 రెట్లు, అంటే దాదాపు 92,000లో 1. చాలా చిన్న అంకెను ఐదుతో గుణించినా వచ్చేది చిన్న అంకే.

ఈ మనిషికి నెలకోసారి అలాంటి కోపం వస్తే? 4.74లోంచి మామూలు ముప్పు 1 తీసేస్తే, ఒక్కోసారికి అదనపు ముప్పు 4,38,000లో 3.74. పన్నెండుసార్లకు కలిపితే పదివేల మందిలో ఏడాదికి ఒక్క అదనపు గుండెపోటు. రోజుకు ఐదుసార్లు వస్తే ఏడాదికి 1,825 సార్లు, పదివేల మందికి సుమారు 156. 2014 అధ్యయనం ప్రచురించిన అంకె 158, మన చేతిలెక్కకు చాలా దగ్గర. అదే అధ్యయనం గుండె ముప్పు ఎక్కువున్నవాళ్ళకు వేసిన లెక్క చూడండి: నెలకోసారి కోపానికి పదివేలలో 4, రోజుకు ఐదుసార్లకు 657.

రెట్లు అందరికీ ఒకటే, మొదలు పెట్టిన చోటే వేరు. అందుకే పాతికేళ్ళ ఆరోగ్యవంతుడు ఒక గొడవ గురించి నిద్ర మానుకోనక్కర లేదు. స్టెంట్ వేయించుకుని, షుగరుతో, రోజూ ఇంట్లోనో ఆఫీసులోనో ఊగిపోయే యాభై అయిదేళ్ళ మనిషికి మాత్రం కోపం కూడా షుగరులాగే లెక్కలో పెట్టుకోవలసిన అంశం. దక్షిణాసియావాళ్ళకు ఆ "మొదలు" ముందే వస్తుంది. ఇంటర్‌హార్ట్‌లో తొలి గుండెపోటు మధ్యస్థ వయసు మన ప్రాంతంవాళ్ళలో 53, మిగతావాళ్ళలో దాదాపు 59.

మొత్తం గుండెపోట్లలో కోపం వాటా ఎంత అంటే, తక్కువే. 1995 అధ్యయనంలో రెండు గంటల్లోపు ఐదో మెట్టు కోపం వచ్చినవాళ్ళు 2.4 శాతం. ఇంటర్‌హార్ట్ లెక్కలో పొగతాగడం వాటా సుమారు 36 శాతం, రక్తంలో చెడు కొవ్వుల వాటా 49 శాతం. సిగరెట్ పట్టుకుని "టెన్షన్ తగ్గాలి కదా" అనే వాదన ఈ అంకెల ముందు నిలవదు.

"ఆ గొడవే ఆయన ప్రాణం తీసిందా?"

గొడవ మధ్యలో ఒకరు పోతే కుటుంబం అడిగే ప్రశ్న ఇది. ఎదుటివాళ్ళ మీద కేసు దాకా వెళ్ళే ప్రశ్న కూడా. భారీ కోపం వచ్చిన రెండు గంటల్లోపు గుండెపోటు వచ్చిన వంద మందిని ఊహించుకోండి. ముప్పు 4.74 రెట్లు అయితే, వందలో 21 మందికి ఆ రెండు గంటల్లో కోపం లేకున్నా వచ్చి ఉండేది. మిగిలిన 79 మందికి ఆ గంటకు తెచ్చింది కోపం. 2.43 రెట్లు అనుకుంటే (3,886 మందితో 2013లో వచ్చిన అంకె ఇది) 41, 59. గుంపు గురించి ఇలా చెప్పగలం. కానీ ఎదురుగా ఉన్న ఒక్క మనిషి 79లో ఉన్నాడా 21లో ఉన్నాడా అన్నది శవపరీక్ష కూడా చెప్పదు. చిట్లిన ప్లాక్ కనిపిస్తుంది, దాన్ని చిట్లించింది ఏమిటో కనిపించదు.

"ఆ గంటకు తెచ్చింది" అన్న మాటకు ఇంకో అర్థం ఉంది. 1994 జనవరి 17న లాస్ ఏంజెలెస్ దగ్గర నార్త్‌రిడ్జ్‌లో భూకంపం వచ్చినప్పుడు, రోజుకు సగటున 4.6 ఉండే గుండె సంబంధ ఆకస్మిక మరణాలు ఆ ఒక్కరోజు 24కు పెరిగాయి. తర్వాతి రోజుల్లో మామూలు కంటే తగ్గాయి. అది కోపం కాదు, భయం. అయినా ఒక సంగతి తెలుస్తోంది: ఆ రోజు పోయినవాళ్ళలో కొందరు త్వరలో ఎలాగూ పోయే స్థితిలో ఉన్నారు. కోపం కూడా కొందరి మరణాన్ని రోజులు ముందుకు జరిపితే, ఇంకొందరి మరణాన్ని ఏళ్ళు ముందుకు జరుపుతుంది. మందులతో ప్లాక్ గట్టిపడేదాకా ఆగగలిగితే బతికేవాళ్ళు ఈ రెండో రకం.

కోపిష్టి స్వభావం గురించిన వాదన ఎలా మారింది

1959లో శాన్ ఫ్రాన్సిస్కో డాక్టర్లు ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్ తొందర, పోటీతత్వం, కోపం కలిసిన మనుషులకు "టైప్ ఏ" అని పేరు పెట్టారు. 3,154 మంది మగవాళ్ళను ఎనిమిదిన్నరేళ్ళు గమనిస్తే టైప్ ఏ వాళ్ళలో గుండెజబ్బు దాదాపు రెండింతలు కనిపించింది. తర్వాత 1988లో అదే గుంపును మళ్ళీ చూస్తే, గుండెజబ్బు వచ్చినవాళ్ళలో టైప్ ఏ మనుషులే ఎక్కువ కాలం బతికారని తేలింది. పొగాకు కంపెనీల అంతర్గత పత్రాలు బయటపడ్డాక, సిగరెట్ మీద నింద తప్పించడానికి ఈ రకం పరిశోధనలకు వాళ్ళు డబ్బు పెట్టారని కూడా తెలిసింది.

టైప్ ఏలో తొందర, పని పిచ్చి పెద్దగా హాని చేయవని, మిగిలేది పగ, ద్వేషభావమేనని తర్వాతి పరిశోధకులు విడదీశారు. 2009లో అనేక అధ్యయనాలను కలిపి చూస్తే కోపం, ద్వేషభావం ఎక్కువున్న ఆరోగ్యవంతుల్లో గుండెజబ్బు 19 శాతం, ముందే జబ్బున్నవాళ్ళలో చెడు ఫలితాలు 24 శాతం ఎక్కువ. ఇది మధ్యరకం ప్రభావం. ఇందులోనూ కొంత పొగ, మద్యం, మందులు సరిగా వేసుకోకపోవడం ద్వారా వచ్చేదేనని ఒక వాదం ఉంది. అది బలమైన వాదమే.

కక్కేయాలా, దిగమింగాలా?

"లోపల పెట్టుకుంటే గుండెకు చేటు, అరిచేస్తే తేలికవుతుంది" అనే నమ్మకం మనలో గట్టిగా ఉంది. 154 అధ్యయనాలను, పదివేలకు పైగా మనుషుల ఫలితాలను కలిపి 2024లో వచ్చిన సమీక్ష దీనికి మద్దతు ఇవ్వలేదు. దిండును గుద్దడం, అరవడం లాంటివి కోపాన్ని తగ్గించలేదు. నిదానంగా ఊపిరి తీయడం, కండరాలు సడలించడం, ధ్యానం లాంటి, ఒంటి వేగాన్ని తగ్గించే పనులు తగ్గించాయి. దిగమింగి లోపల మరిగించుకోవడం కూడా మంచిదని ఎవరూ చెప్పలేదు. జరిగిందాన్ని పదేపదే తలుచుకుంటే బీపీ మళ్ళీ మళ్ళీ లేస్తుంది, పైన చెప్పిన ఎనిమిది నిమిషాల ప్రయోగం అచ్చంగా అదే.

కోపం తగ్గించే శిక్షణతో గుండెపోట్లు తగ్గుతాయా అన్నదానికి జవాబు చీలి ఉంది. 1986లో 1,013 మంది పాత రోగులతో చేసిన ప్రయత్నంలో, స్వభావం మార్చుకునే కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్ళలో నాలుగున్నరేళ్ళలో మళ్ళీ గుండెపోటు 12.9 శాతం, మామూలు సలహాలే అందుకున్నవాళ్ళలో 21.2 శాతం. స్వీడన్‌లో 2011లో 362 మందితో జరిగిన ఏడాది శిక్షణ కూడా గుండె, రక్తనాళాల సమస్యలు మళ్ళీ రావడంలో 41 శాతం తగ్గుదల చూపింది. అయితే గుండెపోటు తర్వాత దిగులు, ఒంటరితనం మీద పనిచేసిన 2,481 మంది పెద్ద అధ్యయనంలో మనసు కొంత కుదుటపడింది కానీ గుండెపోట్లు తగ్గలేదు.

మందుల వైపు సూచనలు స్పష్టంగానే ఉన్నాయి. 1995 అధ్యయనంలో ఆస్పిరిన్ వాడుతున్నవాళ్ళకు కోపం తర్వాతి ముప్పు 1.4 రెట్లు, వాడనివాళ్ళకు 2.9. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు అడ్రినలిన్ దెబ్బను మొద్దుబారుస్తాయి, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు ప్లాక్ పొరను గట్టిపరుస్తాయి. ఇవి డాక్టరు రాసినవాళ్ళకు. గుండెజబ్బు లేనివాళ్ళు ముందుజాగ్రత్త అని రోజూ ఆస్పిరిన్ వేసుకుంటే కడుపులో, మెదడులో రక్తస్రావం ముప్పు దానివల్ల వచ్చే లాభాన్ని మింగేస్తుంది.

గొడవ తర్వాత వచ్చే నొప్పిని కొట్టిపారేసే అలవాటు

కోపం–గుండె సంబంధంలో ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇక్కడే అనిపిస్తుంది. గొడవ అయ్యాక ఛాతీ పట్టేసినట్టుందని మనిషి అంటే, ఇంట్లోవాళ్ళు "కోపం తగ్గితే సర్దుకుంటుంది, కాసేపు పడుకో" అంటారు. గ్యాస్ మాత్ర ఇస్తారు, సోడా తెస్తారు. నొప్పికి కారణం కనిపిస్తోంది కదా అన్న ధీమాతో గంట, రెండు గంటలు జారిపోతాయి. గుండె కండరం ఎక్కువ భాగం చచ్చిపోయేది ఆ తొలి గంటల్లోనే.

నొప్పి ఛాతీ మధ్యలోనే రావాలని లేదు. దవడ, ఎడమ చేయి, వీపు, పై పొట్టలోనూ రావచ్చు. షుగర్ ఉన్నవాళ్ళలో, ఆడవాళ్ళలో నొప్పి లేకుండా ఆయాసం, చల్లని చెమట, వాంతి వచ్చినట్టుండటం మాత్రమే కనిపించవచ్చు. కోపం వల్ల వచ్చిన మామూలు పట్టేయడం నిమిషాల్లో వదులుతుంది. అంతకు మించి ఉంటే 108కి ఫోన్ చేసే సమయమది. ఆసుపత్రిలో పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది నియమం. మొదటి ఈసీజీ మామూలుగా వచ్చిందని ఇంటికి వచ్చేయడం ఇంకో పొరపాటు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ పెరగడానికి సమయం పడుతుంది కాబట్టి కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చూస్తారు.

నెలసరి ఆగిన ఆడవాళ్ళలో తీవ్రమైన దుఃఖం, భయం, కోపం తర్వాత ఇంకో జబ్బు కూడా వస్తుంది. గుండె కింది భాగం బెలూన్‌లా ఉబ్బి పంపింగ్ పడిపోతుంది. ఆ ఆకారం జపాన్‌లో ఆక్టోపస్‌లను పట్టే కుండలా ఉంటుందని 1990లో అక్కడి డాక్టర్లు దానికి టకోత్సుబో అని పేరు పెట్టారు. ఎక్కువమంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. కానీ నొప్పి, ఈసీజీ, ట్రోపోనిన్ మూడూ అచ్చం గుండెపోటులాగే ఉంటాయి. యాంజియోగ్రామ్‌లో నాళాలు తెరిచి ఉన్నాయని చూశాకే రెండింటికీ తేడా తెలుస్తుంది.